కొసరు కోటు

తుప్పు అన్నం పెట్టే శత్రువు. మంగతాయారు ఈ మాట కొట్టు గోడ మీద రాయించలేదు గానీ, రాయించినంత పనే. కాకినాడ పోర్టు రోడ్డులో ఆమె రంగుల కొట్టు ఇన్నేళ్ళుగా నిలబడింది దాని పుణ్యానే. సముద్రం ఉప్పుగాలి ఊదుతుంది. రేవు దగ్గర నూనె కంపెనీల ఇనుప ట్యాంకులు తుప్పు పడతాయి. వాళ్ళు గీకించి, రుద్దించి, ఈమె దగ్గర రంగు కొని వేయిస్తారు. సముద్రం మళ్ళీ ఊదుతుంది. ఇంతకంటే నికరమైన భాగస్వామి ఏ వ్యాపారికి దొరుకుతాడు? వాటా అడగడు, పండక్కి సెలవు పెట్టడు, ఎదుటి కొట్టువాడితో చేతులు కలపడు.

అలాంటి తుప్పుకి ఉరితాడు పేనుతున్నది సొంత కోడలే అయితే?

"కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదేనండి తాయారమ్మగారూ," అని నవ్వాడు ఎదురుగా ఇనప సామాను అమ్మే సూరిశెట్టి.

"ఆ కొమ్మ ఎవడో ఒకడు ఎలాగూ నరుకుతాడు శెట్టిగారూ. గొడ్డలి వాడి చేతిలో ఉంటే మనం కింద పడతాం. మన చేతిలో ఉంటే కట్టెలమ్ముకుంటాం," అంది మంగతాయారు, ఆయన తెచ్చుకున్న సీసాలోకి వార్నిష్ కొలుస్తూ. కొలత అయ్యాక చిన్న ధార ఇంకొంచెం పోసింది. అది కొసరు. మామగారి కాలం నుంచీ ఆ కొట్టు ఆచారం. కొలత ధర్మం, కొసరు లాభం అనేవాడు ఆయన. కొలిచినది మర్చిపోతారు, కొసరిచ్చిన చెయ్యి మాత్రం గుర్తుంటుంది.

కోడలి పేరు హిమజ. సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకున్న పిల్ల. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కోరంగి మడ అడవులు చూడ్డానికి పడవెక్కి, చెట్లూ చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. బురదలో కూరుకుపోయిన ఒక పాత లంగరుని చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఉప్పునీళ్ళలో నానుతున్న ఇనుము, నిన్న కొలిమిలోంచి తీసినట్టు ఉంది. దాని మీద పల్చటి పొర ఏదో జిగురుగా మెరుస్తోంది. అన్నం డబ్బా ఖాళీ చేసి, ఆ పొరని అందులో గీక్కుని తెచ్చింది. ఆ రోజు పులిహోర బురదపాలైందని మంగతాయారు కొడుకు మురారి ఇప్పటికీ సాధిస్తుంటాడు.

కొట్టు వెనక గోడౌనులో సగం హిమజకిచ్చేశారు. డ్రమ్ములు జరిపి బల్లలు వేసుకుంది, గాజు గిన్నెలు పెట్టుకుంది. రెండు వానాకాలాలు ఆ గిన్నెలతోనే గడిచాయి. ఒక పొద్దున మంగతాయారు కాఫీకి పాలు కాస్తుంటే, చేతిలో ఇనుప రేకుతో వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, మేకుతో గుచ్చండి దీన్ని!"

"పొద్దున్నే మేకులేంటే?"

"గుచ్చండి, చెప్తాను."

రేకు మధ్యలో చిల్లి ఉంది. చిల్లి మీద పొర బిగుసుకుని ఉంది. మంగతాయారు మేకుతో పొడిచింది. పొర చిరిగింది. చిరిగిన అంచులు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కదిలి, దగ్గరికొచ్చి, కలుసుకుని, మళ్ళీ నున్నగా అయిపోయాయి. ఆమె పక్కనున్న పాలగిన్నె కేసి చూసింది. అక్కడా అదే జరుగుతోంది.

"మీగడే!" అంది.

సరుకుకి పేరు అలా పెట్టేశారు.

"ఇవి బతికున్న కణాలు అత్తయ్యా. గాల్లో ఉన్న ఆక్సిజన్ ఇనుము దాకా వెళ్తేనే కదా తుప్పు? దాన్ని ఇవి దారిలోనే తినేస్తాయి. చుక్క నీరు పోనివ్వవు. ఎక్కడ కన్నం పడితే అక్కడ కలిపేసుకుంటాయి."

"దళారీ లాగన్నమాట."

"అదేంటి?"

"సరుకు చేరాల్సిన చోటికి చేరకుండా మధ్యలో తినేసేవాడు," అంది మంగతాయారు. ఆమె కళ్ళు వెలిగిపోతున్నాయి. ఈ లోగా పాలు పొంగిపోయాయి. ఆ ఇంట్లో పాలు పొంగితే తిట్టకపోవడం అదే మొదటిసారి.

రేవులో పామాయిల్ ట్యాంకులు చూసే మేనేజరు జోగారావు పాత ఖాతాదారు. ముందుగా ఒక చిన్న నీళ్ళ ట్యాంకు మీద వేసి చూపించమన్నాడు. పని మొదలుపెట్టే ముందు మంగతాయారు ఎప్పట్లాగే ట్యాంకుకి పసుపు బొట్టు పెట్టింది. నీళ్ళతో కలిపితే ఇనుము మీంచి జారిపోతుందని నూనెతో కలిపి, బొటనవేలితో అద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది. మేస్త్రీ నూకరాజు దాని మీంచే మీగడ కొట్టేశాడు. ఏ ట్యాంకయినా అంతే. బొట్టు పెట్టని ఇనుము ఆమె దృష్టిలో పరాయి ఇనుము.

వానాకాలం వెళ్ళాక చూడ్డానికి వెళ్ళారు. ట్యాంకంతా అద్దం. ఒక్క చోట మాత్రం, బొటనవేలంత మేర, గుండ్రంగా, ఎర్రగా తుప్పు.

"ఇదేంటమ్మా?" అన్నాడు జోగారావు.

హిమజకి అర్థమైంది. ఇంటికొచ్చేదాకా ఆపుకుంది. వచ్చాక ఆగలేదు. "అత్తయ్యా, మీ బొట్టు ఉన్న చోట మీగడ పట్టలేదు. పసుపు వాటికి విషం! పెద్ద ట్యాంకు దగ్గర మీరు పసుపు ముట్టుకోడానికి వీల్లేదు. చెప్పేశాను."

"గడపకి పసుపు లేకుండా శుభకార్యమేంటే?"

"అది ట్యాంకు. ట్యాంకుకి గడపేంటి?"

మంగతాయారు బేరం తెలిసిన మనిషి. ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గుతుంది. "సరేలే, నా దణ్ణం నా మనసులో పెట్టుకుంటాను," అంది. కానీ పెద్ద ట్యాంకు పనికి బయల్దేరిన రోజు, అలవాటు కొద్దీ, పసుపు పొట్లం సంచిలో పడేసుకుంది. పెట్టకపోతే పెట్టకపోయింది, దగ్గరుంటే నష్టమేముంది?

పెద్ద ట్యాంకు అంటే మూడంతస్తుల మేడంత ఉంటుంది. ఖాళీ చేసి, గీకించి, లోపల పైకప్పు నుంచి అడుగు దాకా మీగడ పట్టించారు. పైన ఉన్న మూతలూ, గొట్టాల మూతులూ బిగించేసి వాటి మీద కూడా పట్టించారు. లోపలికీ బయటికీ దారి ఒక్కటే మిగిలింది. కింద, గోడకి, మనిషి పాకి దూరేంత గుండ్రటి మ్యాన్‌హోల్. ఆ రోజు పోర్టు పెద్దలు, నూనె కంపెనీల వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు ఊఁ అంటే రేవులో ఉన్న ప్రతి ట్యాంకూ మంగతాయారుదే. ఊహూఁ అంటే గోడౌనులో సగం మళ్ళీ డ్రమ్ములకే.

ఎండ చురచురలాడుతోంది. హిమజ నడుముకి తాడు కట్టుకుని, ఆక్సిజన్ కొలిచే చిన్న యంత్రం మెళ్ళో వేసుకుని, అడుగు అతుకులు చూసొస్తానని లోపలికి దూరింది. లోపల గాలి ఆడ్డానికి మ్యాన్‌హోల్ దగ్గర పంకా పెట్టారు. తాడు రెండో కొస నూకరాజు దగ్గరుంది.

మంగతాయారు కొట్టుదారు కళ్ళతో ట్యాంకుని ఎగాదిగా చూసింది. అంతా బాగుంది. మ్యాన్‌హోల్ మూతి చుట్టూ మాత్రం హిమజ వెడల్పాటి టేపు అంటించి, ఒక పట్టీ మేర ఒట్టి ఇనుము వదిలేసింది. వచ్చేవాళ్ళ కళ్ళు ముందు పడేది అక్కడే. కొత్త చీరకి ఎలక కొరికిన అంచులా ఉంది.

"నూకరాజూ, ఆ టేపు పీకేసి, ఆ పట్టీ మీద ఇంకో కోటు కొట్టవయ్యా. పంకా పక్కకి లాగు, మీద పడుతుంది."

"కోడలుగారు అక్కడ ఎయ్యొద్దన్నారండి."

"ఎందుకొద్దంది?"

"అది సెప్పలేదండి."

"కోడలు లోపలుంది. కొట్టు నాది. కొసరనుకుని కొట్టు."

ఎందుకొద్దో హిమజ చెప్పలేదు. ఈమె అడగలేదు. ఆ ఇంట్లో ఇద్దరిదీ అదే పద్ధతి: పసుపు ఎందుకో ఈమె చెప్పలేదు, టేపు ఎందుకో ఆమె చెప్పలేదు.

నూకరాజు టేపు పీకాడు. పంకా లాగాడు. స్ప్రే గన్నుతో గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు. మూతి నిగనిగలాడింది. "బెమ్మాండంగా ఉందండి!" అని గన్ను కడగడానికి అటు తిరిగాడు.

ఎండకి కాలిన ఇనుము మీద పడిన కొత్త మీగడ, ఆ వేడికి రెచ్చి, లోపలి మీగడని తాకింది. రెండూ ఒక్కటయ్యాయి. వాటికి తెలిసిన పని ఒక్కటే. కన్నం ఎక్కడుంటే అక్కడ కలుపుకోవడం. రేకులోని చిల్లికీ, మనుషులు తిరిగే దారికీ తేడా వాటికెవరు చెప్పారు? చెప్పాల్సిన టేపు నూకరాజు కాళ్ళ దగ్గర ఉండచుట్టుకుని పడుంది.

మంగతాయారు చూస్తుండగానే గుండ్రటి అంచు నుంచి పొర లేచింది. మీగడ కట్టినట్టు, అంచు నుంచి మధ్యకి. మొదట ఆమెకి ముచ్చటేసింది. ఆ మరుక్షణం లోపలున్నది ఎవరో గుర్తొచ్చింది.

"హిమజా! బయటికి రావే!"

లోపల బూట్ల చప్పుడు పరిగెత్తుకొచ్చింది. హిమజ చెయ్యి ముందుకు చాచింది. ఆ చెయ్యి అందేలోపు పొర మధ్యలో కలిసిపోయింది. తాడు పొర మధ్యలోంచి, కొవ్వొత్తిలో వత్తిలా, నిలబడిపోయింది. పల్చటి పొర వెనక హిమజ నీడ. పొరకి నొక్కిపెట్టిన కుడి అరచెయ్యి.

"నూకరాజూ, కొయ్యి!"

నూకరాజు బ్లేడుతో కోశాడు. కోసిన చోట కోసినట్టే కలిసిపోయింది. అడ్డంగా కోశాడు, నిలువునా కోశాడు. బ్లేడు వెనకాలే గీత మూసుకుపోతోంది, నీళ్ళ మీద రాసినట్టు. ప్రతి కోతకీ పొర ఇంకాస్త మందమైంది. ఇద్దరు కూలీలు గునపంతో పొడిచారు. గునపం దూరింది, పొర దాన్ని పట్టేసుకుంది, ఇప్పుడు లాగినా రావట్లేదు.

జోగారావు పరిగెత్తుకొచ్చాడు. "గ్యాస్ కట్టర్ తెప్పించండి!"

"పక్క ట్యాంకు నిండా నూనె పెట్టుకుని మంట పెడతారా జోగారావుగారూ?" అని అరిచింది మంగతాయారు. "వేడి తగిలితే అది ఇంకా రెచ్చిపోతుంది, కనబట్టంలా?"

అప్పుడు లోపలి నుంచి సన్నటి కూత మొదలైంది. హిమజ మెళ్ళో ఉన్న యంత్రం. గాల్లో ఆక్సిజన్ తగ్గిందంటే కూసేది అది. మూడంతస్తుల ట్యాంకు నిండా గాలి ఉంది. ఆ గాలిని అన్ని గోడల నుంచీ, పైకప్పు నుంచీ, అడుగు నుంచీ ఆకలి తీరని కోట్ల నోళ్ళు తింటున్నాయి. తుప్పుని చంపే గుణమే అది. దళారీ అని నవ్వుకున్న గుణం.

"అత్తయ్యా!" పొర వెనక నుంచి హిమజ గొంతు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. "కోతలు వద్దు! కోసేకొద్దీ పెరుగుతుంది!"

"మరేం చెయ్యమంటావే?"

దగ్గు తెరొకటి వచ్చి ఆగింది. కూత మాత్రం ఆగలేదు. పొర మీద అరచెయ్యి అలాగే ఉంది.

మంగతాయారు జన్మలో ఎప్పుడూ ఇలాంటి బేరానికి కూర్చోలేదు. అవతలి వైపు మాట లేదు, ఆశ లేదు, భయం లేదు. దేనికీ లొంగనివాడితో బేరమెలా? లొంగని వ్యాపారి లేడు. వాడికి పడనిదేదో ఉంటుంది, అది పట్టుకోవాలి. వీడికి పడనిదేంటి? బొటనవేలంత ఎర్రటి తుప్పు మచ్చ కళ్ళముందు కదిలింది. పసుపు వాటికి విషం!

సంచి కింద కుమ్మరించింది. తాళాలు, కళ్ళజోడు, రంగుల కార్డు, పసుపు పొట్లం. సగం దోసిట్లో పోసి, సీసాలో నీళ్ళు కలిపి, పొర చుట్టూ పులిమింది. పసుపు నీళ్ళు ముత్యాల్లా ఉండలు కట్టి, జారి, కింద ఇసుకలో కలిసిపోయాయి. పొర మీద మరక కూడా మిగల్లేదు.

"నీళ్ళు అంటవు కదండీ దానికి," అన్నాడు జోగారావు నీరసంగా.

ఆమె ఖాళీ చేతులు చూసుకుంది. అంటవు. చుక్క నీరు అంటదని ఊరంతా చాటింపు వేసి మరీ అమ్మబోయిన సరుకు. మరి ఆ రోజు బొట్టు ఎలా అంటింది? ఆ రోజు కలిపింది నీళ్ళతో కాదు.

"నూనె! నూనె తెండర్రా! రేవు నిండా నూనె ట్యాంకులు పెట్టుకుని దిక్కులు చూస్తారేం!"

నూకరాజు పక్క ట్యాంకు కుళాయి తిప్పి, తన అన్నం డబ్బా మూతలో పామాయిల్ పట్టుకొచ్చాడు. మంగతాయారు మిగిలిన సగం పొట్లమూ అందులో వేసింది. ఇది అయిపోతే ఇంకో పొట్లం లేదు. పెళ్ళికూతురికి నలుగు పెట్టేముందు కలిపినట్టు వేళ్ళతో మెదిపింది. ముద్ద చిక్కబడింది. పొర అంచు వెంట, తొందరపడకుండా, ఒక్క చోట కూడా తెగకుండా, గుండ్రంగా రాసుకుంటూ వచ్చింది. ఇంటి గడపకి రోజూ రాసే చేతులవి.

లోపల నీడ మెల్లగా కిందికి జారుతోంది.

పసుపు గీత కింద పొర ముందు మెరుపు తగ్గింది. తరవాత పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలాయి. ఆ పైన ముడతలు పడింది.

"ఇప్పుడు కొయ్యి! గీత మీదే కొయ్యి!"

నూకరాజు బ్లేడు దించాడు. కోత కోతలాగే ఉండిపోయింది. కలవలేదు! "కలవట్లేదండోయ్!" అని వాడు వేసిన కేకకి పోర్టు గేటు దగ్గర కాకులు లేచాయి. సగం చుట్టు కోసేసరికి పొర నూనెలో పడిన అప్పడంలా వెనక్కి ముడుచుకుంది. గాలి బుస్సున లోపలికి పోయింది. నలుగురూ తాడు పట్టుకుని లాగారు. హిమజ భుజాలు బయటికొచ్చాయి. కుడి అరచెయ్యి మాత్రం పొరకి అంటుకుపోయింది. చేతి చుట్టూ పొర కోసి, ఆ ముక్కతో సహా లాగేశారు.

ఇసుకలో పడుకోబెడితే ఆమె పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మంగతాయారు బుగ్గ మీద తట్టింది. ఒకసారి, ఇంకోసారి. హిమజ గట్టిగా గాలి పీల్చి, దగ్గి, కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న ఇనుప మూతినీ, పచ్చటి గీతనీ, అత్తగారి పచ్చటి చేతుల్నీ చూసింది.

"పసుపు వద్దన్నానా?" అంది.

మంగతాయారు అప్పుడు ఏడ్చింది.

పెద్దలంతా ఆ సమయానికే కార్లు దిగారు. జరిగింది విన్నారు. ఆశ్చర్యమేంటంటే ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. మనిషిని మింగి వదలని పొర అంటే, నూనెని ఇంకెంత భద్రంగా దాస్తుందో అని వాళ్ళ లెక్క. "ఎన్ని డ్రమ్ములివ్వగలరమ్మా?" అని అక్కడే అడిగేశారు.

"ఒక్కటీ ఇవ్వను," అంది మంగతాయారు.

జోగారావు అడ్డొచ్చాడు. "తాయారమ్మగారూ, వచ్చిన లక్ష్మిని..."

"లక్ష్మి గడప దాటి వస్తుందండీ జోగారావుగారూ. ఈ సరుక్కి ఇంకా గడప లేదు. అది చేశాక అమ్ముతాను."

హిమజ అరచేతికి అంటుకున్న ముక్క ఊడి రాలేదు. దాన్ని తియ్యాలంటే కింద చర్మం కూడా తియ్యాలన్నారు ఆసుపత్రిలో. చెయ్యి పనిచేస్తుంది, పట్టు ఉంది. కానీ దాని మీద రేఖలు లేవు. నీళ్ళు పోస్తే చామాకు మీద పోసినట్టే. తడి తెలియదు. బియ్యం కడుగుతూ నీళ్ళున్నాయో లేదో కళ్ళతో చూసుకునేది. ఒకసారి నీళ్ళు కారుతున్న చేత్తో స్విచ్ నొక్కబోతే మంగతాయారు పరిగెత్తుకొచ్చి చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. మురారి తల్లినీ అనలేక, పెళ్ళాన్నీ అనలేక, ఇంట్లో స్విచ్చులన్నీ పైకి మార్పించాడు.

ఆ రోజు నుంచి కొట్టులో కొసరు ఆగిపోయింది. కొలత గీత దగ్గర డబ్బా నిటారుగా లేచేది. "ఏంటండీ, చెయ్యి బిగిసింది?" అనేవాడు సూరిశెట్టి. ఆమె వినపడనట్టు ఉండేది.

గోడౌనులో మాత్రం దీపాలు మళ్ళీ వెలిగాయి. ఈసారి గాజు గిన్నెల పక్కన పసుపు నూరే కల్వం కూడా చేరింది. పసుపులో ఏది ఆ కణాల్ని ఆపుతుందో, ఏ నూనెలో ఎంత కలిపితే ఎంత కాలం నిలుస్తుందో హిమజ తేల్చింది. చివరికి బయటికొచ్చింది పచ్చటి లేపనం. ప్రతి మ్యాన్‌హోల్ మూతికీ, ప్రతి గొట్టం నోటికీ ముందు అది రాయాలి. రాసిన చోట మీగడ ఆగుతుంది. దాని డబ్బా మీద హిమజ తానే రాయించింది: గడప.

ఇప్పుడు మీగడ డ్రమ్ము కొనేవాళ్ళందరికీ మంగతాయారు ముందు ఆ పచ్చ డబ్బా చేతిలో పెడుతుంది.

"ఇది కొసరాండీ?" అంటారు.

"కాదు. అసలు ఇదే. ముందు ఎక్కడ ఆగాలో చెప్పండి దానికి. తరవాత ఎక్కడ పాకాలో చెబుదురుగాని."

ఆ లేపనమే ఇంకా పల్చగా చేసి, రోజూ పొద్దున పనులు మొదలు కాకముందు, కోడలి అరచేతికి రుద్దేది. పొర ఒక్కసారిగా చస్తే చర్మమూ పోతుంది. అందుకని అంచు నుంచి, కొంచెం కొంచెంగా. ఎన్నాళ్ళు పడుతుందో హిమజకీ తెలియదు. మంగతాయారు అడగలేదు. కానీ ఈసారి రుద్దుతున్నది ఏంటో, ఎందుకో, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఒక ఉదయం సూరిశెట్టి వార్నిష్ కోసం వచ్చాడు. మంగతాయారు కొలుస్తోంది. గీత దగ్గరికొచ్చింది. డబ్బా లేపబోతోంది. అంతలో పెరట్లో కుళాయి దగ్గర నుంచి కేక.

"అత్తయ్యా! అత్తయ్యా! తడి!"

"ఏంటే?"

"తడి తెలుస్తోంది! చిటికినవేలి దగ్గర! చల్లగా, తడిగా!"

మంగతాయారు కదల్లేదు. మొహం పెరటి వైపు, చెయ్యి కొట్టు వైపు. డబ్బాలోంచి ధార పడుతూనే ఉంది. సీసా నిండింది, పొర్లింది, బల్ల మీదికి పాకింది.

"తాయారమ్మగారూ, కొసరు ఎక్కువైపోయిందండి," అన్నాడు సూరిశెట్టి, సీసా పట్టుకోలేక.

"పడనివ్వండి శెట్టిగారూ," అంది, పెరట్లోకి పరిగెత్తుతూ. "ఇన్నాళ్ళదీ కలిపి పట్టుకోండి!"